పెర్ల్ జామ్ ‘టెన్’: 1991 మిక్సా, 2009 మిక్సా? కొత్తగా వినేవాళ్లకి ఏది చెప్పాలి?

కేసెట్_కాలం
మా మేనల్లుడు గిటార్ నేర్చుకుంటున్నాడు. తొంభైల రాక్‌లో ఒక్క ఆల్బమ్ చెప్పు మావయ్యా అంటే ‘టెన్’ విను అన్నాను. విని వచ్చి, “పాటలు అదిరాయి గానీ ఆయనేంటి, చెవిలో నోరు పెట్టి పాడుతున్నాడు” అన్నాడు. ఫోన్ లాక్కుని చూస్తే వాడు విన్నది 2009 రీమిక్స్!

తెలియనివాళ్ల కోసం: పెర్ల్ జామ్ అమెరికన్ రాక్ బ్యాండ్, ‘టెన్’ వాళ్ల తొలి ఆల్బమ్. ఇది 1991 మార్చి, ఏప్రిల్ నెలల్లో సియాటెల్‌లోని లండన్ బ్రిడ్జ్ స్టూడియోలో రికార్డయింది, ప్రొడ్యూసర్ రిక్ పరాషర్ దగ్గర. జూన్‌లో ఇంగ్లండ్ వెళ్లి, డోర్కింగ్ ఊరి దగ్గర రిడ్జ్ ఫార్మ్ స్టూడియోలో టిమ్ పామర్ చేత మిక్స్ చేయించారు, అంటే విడివిడిగా రికార్డయిన గొంతునీ వాయిద్యాలనీ తూకంగా కలిపించారు. ఆగస్టు 27న విడుదల. మనం ఇన్నేళ్లూ విన్నది అదే, నేను వైజాగ్‌లో కేసెట్ కొని విన్నదీ అదే. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ అదే టేపుల్ని మళ్లీ మిక్స్ చేశాడు. రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని) పీకేసి, గొంతు ముందుకు లాగాడు.

నా ఓటు 1991కే. ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ ఆశ్చర్యపోవద్దు.

ఫేడర్
సార్, సౌండ్ పనే నా బతుకు. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, భరించండి.

పెర్ల్ జామ్‌లో ఇద్దరు గిటారిస్టులు. గోసార్డ్ రిథమ్ పట్టుకుని నడిపిస్తుంటే మెక్‌క్రెడీ దాని మీద తిరుగుతుంటాడు. 1991 మిక్స్‌లో ఇద్దరికీ, డ్రమ్స్‌కీ, గొంతుకీ అంతటా ఒకే హాలు ప్రతిధ్వని పట్టించేశారు. మధ్య ఫ్రీక్వెన్సీలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. ‘జెరెమీ’ మొదట్లో జెఫ్ ఆమెంట్ వాయించేది 12 తంత్రుల బేస్. అలాంటి వాయిద్యం పాటలో ఉందంటే ప్రతి తీగా మోగడం వినపడాలి కదా? పాతదాంట్లో ఏదో దూరంగా గంట కొట్టినట్టుంటుంది. ఓబ్రయన్ మిక్స్‌లో మనిషి పక్కన కూర్చుని వాయిస్తాడు.

అసలు మాట ఇంకోటుంది. రీమిక్స్ చేయాలని ఆమెంటే ఏళ్ల ముందునుంచీ అంటున్నాడు. వాయించింది మార్చక్కర్లేదు, రివర్బ్ కొంచెం తీస్తే చాలన్నాడు. తొలి ఆల్బమ్ సౌండ్ తనకీ పడదని గాయకుడు వెడర్ కూడా చెప్పాడు. పాడినవాళ్లే వద్దంటుంటే మధ్యలో మనమెవరం?

మిర్చి_బజ్జీ
ఆ ఆల్బమ్‌లో మంటలార్పే సిలిండర్ వాయించారంటగా? ఎవరో చెప్తే నవ్వాను.

ఫేడర్
వాయించారు. ‘ఓషన్స్’లో. దాంతోపాటు మిరియాల పొడి డబ్బా కూడా. ఆ స్టూడియోకి దగ్గర్లో వాయిద్యాలు అద్దెకిచ్చే షాపు లేక చేతికందినవి వాడానని పామరే చెప్పాడు.

కేసెట్_కాలం
ఇదిగో, మీ నోటితో మీరే చెప్పారు. సిలిండర్, డబ్బా సియాటెల్ టేపుల్లో లేవు. డోర్కింగ్‌లో చేరాయి. ‘ఎలైవ్’ సోలోని మెక్‌క్రెడీ పూర్తిచేసింది కూడా అక్కడే, పామర్ కూర్చోబెడితే. ‘బ్లాక్’ ఎత్తుగడ మీద చెయ్యి చేసుకున్నదీ ఆయనే. అలాంటప్పుడు మిక్స్ వేరు, ఆల్బమ్ వేరు ఎలా అవుతాయి? మీరు తీసేయమంటున్నది రంగు కాదు, గోడే.

ఇంకోటి. వద్దంటే వద్దనడం వీళ్లకి బాగా వచ్చు. ‘బ్లాక్’ని సింగిల్‌గా వేద్దామని కంపెనీ వెంటపడితే కుదరదని మొండికేశారు. అంత పట్టుదల ఉన్నవాళ్లు సౌండ్ నచ్చకపోతే 1991లోనే ఎందుకు ఊరుకున్నారు?

ఫేడర్
‘బ్లాక్’ గొడవ ఆల్బమ్ అమ్ముడుపోయాక జరిగింది సార్. 1991 జూన్‌లో వీళ్లెవరు? గోసార్డ్, ఆమెంట్‌ల పాత బ్యాండ్‌లో పాడిన ఆండ్రూ వుడ్ 1990 మార్చిలో చనిపోయాడు, ఆ బ్యాండ్ కూలిపోయింది. మిగిలిన ఇద్దరూ కొత్తవాళ్లని పోగేసుకున్నారు. గాయకుడు శాన్ డియేగో నుంచి కేసెట్ మీద పాడి పంపితే తీసుకున్నారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మూకీ బ్లేలాక్ పేరు పెట్టుకుని కచేరీలు చేశారు. అతని చొక్కా మీది నంబరే ఈ ‘టెన్’. డ్రమ్మర్ డేవ్ క్రూసెన్ రికార్డింగ్ అయ్యాక బ్యాండ్‌లోనే లేడు. ఈ స్థితిలో ఉన్నవాళ్లు పెద్ద ఇంజనీర్‌ని పట్టుకుని రివర్బ్ తగ్గించు అంటారా?

నా అనుభవం చెప్తా. నా దగ్గరికొచ్చే ప్రతి ప్రొడ్యూసర్‌దీ ఒకటే మాట: ఎకో పెంచు, గ్రాండ్‌గా ఉండాలి. ఒకాయనైతే పాడిన అమ్మాయి ముందే, గుడి మైకులా మోగాలి అన్నాడు. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా వినపడేంత చక్కగా రికార్డ్ చేశాను. అంతా ఎకోలో ముంచి పంపించాను, ఏం చేస్తాను, ఇంటద్దె కట్టాలి కదా.

కేసెట్_కాలం
మీ గొడవ మీ ప్రొడ్యూసర్‌తో అండీ. దానికి పామర్ ఏం చేశాడు?

మిర్చి_బజ్జీ
😂

నీలి_సిరా
ఒక్క విషయం సరిచేస్తాను. పైన మాటలు చూస్తుంటే 2009లో పాతదాన్ని తుడిచేశారనుకునేలా ఉంది. ఆ ఎడిషన్‌లో రెండు డిస్కులు: ఒకదాంట్లో పాత మిక్సే, రీమాస్టర్ చేసి, అంటే మిక్స్ మార్చకుండా మొత్తం సౌండ్‌కి మెరుగుపెట్టి. రెండోదాంట్లో ఓబ్రయన్‌ది. ఆయన కూడా మొదట జంకాడట, లక్షలమంది ప్రేమించినదాన్ని కెలకడమెందుకని. ఆయన మిక్సులు హఠాత్తుగా రాలేదు కూడా. 2004 సంకలనంలోనే ‘వన్స్’, ‘ఎలైవ్’, ‘బ్లాక్’ కొత్త మిక్సుల్లో వచ్చాయి. ఏది కావాలంటే అది వినొచ్చు. తగాదా ఎక్కడ?

కేసెట్_కాలం
రెండూ ఉన్నాయి నిజమే మేడమ్. పేరు పక్కన చిన్నక్షరాల్లో ఏదో ఉంటుంది, ఎవరు చదువుతారు? ఎవరో మేనల్లుడు నొక్కితే ఏది వస్తే అదే ‘టెన్’.

ఖమ్మం_పోరడు
నేనూ ఆ మేనల్లుడి బాపతే అన్నా. నేను మొదట విన్నది 2009దే, హాస్టల్‌ల ఫోన్‌ల. ‘పోర్చ్’ మొదలుకాంగనే లేచి కూసున్న. పాతది తర్వాత ఎప్పుడో పెడితే బాత్రూంల రికార్డ్ చేసినట్టనిపించి ఆపేసిన. నాకు అసలుది అంటే 2009దే.

కేసెట్_కాలం
అయితే నువ్వు ‘టెన్’ ఇంకా వినలేదన్నమాట తమ్ముడూ. విని మాట్లాడు.

ఖమ్మం_పోరడు
ఇగో, ఈ మాటనే. ఇంజనీరింగ్‌ల ఉన్నప్పుడు పెర్ల్ జామ్ టీషర్ట్ వేసుకుని క్యాంటీన్‌కి పోయిన. నల్ల టీషర్టుల సీనియర్లు ఆపి, మూడు ఆల్బమ్‌ల పేర్లు చెప్పు అన్నరు. చెప్పిన. వరసల చెప్పు అన్నరు. అదీ చెప్పిన. అప్పుడొకడు, “డౌన్‌లోడ్ బ్యాచ్‌వా?” అన్నడు. అందరూ నవ్విన్రు. ఆ టీషర్ట్ మళ్ల వేసుకోలే. తొంభైలల్ల మా ఊర్ల ఇంగ్లిష్ రాక్ కేసెట్ ఎక్కడ దొరుకుతది? మా ఇంట్ల టేప్‌రికార్డరే లేదు. మీకు వైజాగ్‌ల షాపుంది, కొనేటందుకు పైసలున్నయ్, ఎమ్టీవీ ఉంది. ముందు విన్నరు. ముందు విన్నందుకు అది మీ జాగీరా?

కేసెట్_కాలం
పైసలా? ఇద్దరు పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పి కొన్నాను ఆ కేసెట్. నా ఇంట్లో ఎమ్టీవీ ఉందని నువ్వెప్పుడు చూశావు? తెలియకుండా నోటికొచ్చినట్టు వాగకు.

ఖమ్మం_పోరడు
వాగుడా? మీరు ‘వినలేదు’ అంటే విమర్శ, నేనంటే వాగుడు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త నిమ్మళంగా. ఎవరి ఇంట్లో ఏముందో ఇక్కడ అక్కర్లేదు.

నీలి_సిరా
నాకు అక్కరే ఉందనిపిస్తోంది. అసలు తగువు అదే కాబట్టి.

‘ఎలైవ్’ సంగతి చూడండి. తండ్రి అనుకున్నవాడు తండ్రి కాదని, కన్నవాడు చనిపోయాడని ఒక కుర్రాడికి తల్లి చెబుతుంది. అందులో కొంత వెడర్ సొంత కథే. ఇంకా బతికున్నాను అనే మాటని ఆయన శాపంగా రాశాడు. కచేరీల్లో జనం ఆ మాటనే చేతులెత్తి సంబరంగా అరవడం మొదలుపెట్టారు. దాంతో ఆ శాపం తొలగిపోయిందని ఆయనే తర్వాత చెప్పాడు. రాసినవాడి అర్థాన్ని విన్నవాళ్లు మార్చేశారు, ఆయన ఒప్పుకున్నాడు. ఆ జనమంతా ఆల్బమ్‌ని మొదటి వారంలోనే కొన్నవాళ్లేనా? అది మెల్లగా పాకి, మరుసటి ఏడాదికి గానీ అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానానికి రాలేదు. ‘ముందు విన్నవాళ్లు’ అంటే ఎవరు మరి?

కేసెట్_కాలం
ఆ కథ నా వైపే మాట్లాడుతోంది మేడమ్. పాట జనంలోకి వెళ్లాక కన్నవాళ్లది కాదని మీరే చెప్తున్నారు. నేననేదీ అదే. ఒక్క అమెరికాలోనే కోటీ 30 లక్షల కాపీలు పోయాక, నాకు రివర్బ్ నచ్చలేదు అని వచ్చి సరిదిద్దే హక్కు ఆమెంట్‌కి కూడా లేదు. తమ్ముడు తర్వాత వచ్చాడని కాదు నా బాధ. తప్పో ఒప్పో, అప్పుడు అలా తయారైంది. అలాగే ఉండనివ్వాలి.

అట్ట కూడా అంతే. ఆమెంట్ ముదురు మెరూన్ రంగు అనుకుంటే గులాబీ రంగులో అచ్చయింది. ఇప్పుడు అదీ మార్చేద్దామా? చేతులెత్తి నిలబడ్డ ఆ ఐదుగురి వెనక గులాబీ లేకపోతే అది ‘టెన్’ అట్టలా ఉంటుందా?

ఫేడర్
హక్కు లేదా?! వాళ్ల పాట సార్ అది! పని చేసినవాడికి దాన్ని మళ్లీ ముట్టుకునే హక్కు లేదంటారా? ఇంత దారుణమైన మాట ఈ మధ్య వినలేదు. నాకు ఆ అమ్మాయి పాట టేపులు ఇవ్వండి, ఈ రాత్రే కూర్చుని మళ్లీ చేస్తాను. వద్దనడానికి వినేవాళ్లెవరు?

ఖమ్మం_పోరడు
ఫేడరన్నా, నువ్వు చెప్పేది వాళ్ల హక్కు. కేసెట్ అన్న చెప్పేది మొదట కొన్నోళ్ల హక్కు. మాకు ఇద్దరి లిస్ట్‌లల్ల జాగ లేదు. సరే, ఇయ్యాల పాతది మొత్తం వింట.

కేసెట్_కాలం
వరసలో విను. 53 నిమిషాలు, మధ్యలో ఫోన్ తీయకు. ‘రిలీజ్’ దగ్గరికొచ్చేసరికి ఆ రివర్బ్ ఎందుకుందో తెలుస్తుంది. వెడర్ చనిపోయిన తండ్రిని పిలుస్తున్న పాట అది. దగ్గరగా పాడితే ఆ దూరం పోతుంది.

ఫేడర్
చవక ఇయర్‌బడ్స్‌లో మాత్రం వద్దు.

ఖమ్మం_పోరడు
ఉన్నయే అవి.

ఖమ్మం_పోరడు
విన్న. ‘గార్డెన్’ల గిటార్లు కలిసిపోయినయ్, ఫేడరన్న చెప్పింది నిజమే. ‘ఓషన్స్’, ‘రిలీజ్’ పాతయే మంచిగున్నయ్, ఇది కేసెట్ అన్నకి. ‘బ్లాక్’ రెండు తీర్ల విన్న, తేలలే. ‘పోర్చ్’ మాత్రం 2009దే, దాని మీద ఎవరి మాట ఇనను.

కేసెట్_కాలం
‘బ్లాక్’ తేలలేదా? దాని మీద తేలకపోవడమేంటి? మళ్లీ విను.