సమస్యాపూరణం: ‘కూడినట్టి ఫలము గుణనఫలమె’

సంచాలకుడు: పరిపూర్ణ సంఖ్యలలో, అంటే తాను కాక ఉన్న భాజకాల మొత్తం తనకే సమానమైన సంఖ్యలలో, మొదటిదైన 6ను తలచుకుంటుండగా తట్టిన పాదమిది. వేరే అంకెలతో పూరించినా అభ్యంతరం లేదు గాని, లెక్క మాత్రం తప్పకూడదు.

లఘుప్రియ:

రెండు రెండు కలుప రెండింట హెచ్చింప
నాలుగె వచ్చు రెంట నయముగాను;
జంట రెండ్లకున్న సౌఖ్యమిదియె చూడఁ
గూడినట్టి ఫలము గుణనఫలమె

ఛందోభటుడు: తనతో తాను కూడినా, తనతో తాను గుణించుకున్నా ఒకే ఫలమిచ్చే ధనపూర్ణాంకం 2 ఒక్కటే కాబట్టి, ‘జంట రెండ్లకున్న సౌఖ్యము’ అతిశయోక్తి కాదు. అయితే రెండవ పాదంలో ‘నాలుగె వచ్చు’ అనడంతో రెండవ గణం లఘువుతో మొదలై గురువు మీద పడింది. ‘నాల్గె వచ్చు’ అని ఉంటే ఏ చిక్కూ లేదు. లఘువుల మీద మీకున్న ప్రీతి తెలిసిందే!

అంకెలమారి:

ఆరుకున్న వేమి? యవి యొక్కటియు రెండు
మూడు భాజకములు ముచ్చటగను;
తన్ను విడిచిపెట్టి తక్కినవాటిని
కూడినట్టి ఫలము గుణనఫలమె

లఘుప్రియ: ‘ముచ్చటగను’ యతి కోసం తెచ్చిపెట్టుకున్న పదమని ఛందోభటుడు గారు ఎందుకు అనలేదో!

ఛందోభటుడు: భాజకాలు ముచ్చటగా మూడే ఉన్నప్పుడు అది వ్యర్థపదం ఎలా అవుతుందండీ? ఈ పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. అంతకంటె నాకు నచ్చినది ‘తన్ను విడిచిపెట్టి’ అన్న షరతు. గత సమస్యలో 28కి కూడా ఇదే గుణమున్నదని పూరించిన లఘుప్రియ గారు దీనిని గమనించాలి. 28కి తాను కాక ఉన్న భాజకాలు 1, 2, 4, 7, 14. వీటి మొత్తం 28 అవుతుంది కాబట్టి అది పరిపూర్ణ సంఖ్యే, కాని వీటిని గుణిస్తే 784, అంటే 28 వర్గం, వస్తుంది.

లఘుప్రియ: పాత పద్యాన్ని తవ్వితీసినందుకు బదులుగా దీనిని స్వీకరించండి.

ఎన్ని యంకెలైన నిట్టులే చేయనౌ
చివర రెండు, లెక్క చేర్చి యుంచి
మొదటి చోట్ల నెల్ల మోపిన నొకటులు
కూడినట్టి ఫలము గుణనఫలమె

నాలుగు అంకెలకు 1, 1, 2, 4 తీసుకుంటే ఎటు చూసినా 8. అయిదింటికి 1, 1, 1, 2, 5 తీసుకుంటే 10.

అంకెలమారి: గణాలు ఈసారి కుదిరాయి, సూత్రమూ నిజమే. కాని అయిదు అంకెల దగ్గరికి వచ్చేసరికి 1, 1, 1, 3, 3తో 9, 1, 1, 2, 2, 2తో 8 కూడా వస్తాయి కాబట్టి ఆ గొప్ప పదిమంది పాలైంది. మూడు ధనపూర్ణాంకాలకు 1, 2, 3 తప్ప వేరే దారి లేదు.

సంచాలకుడు: దీనికి నాదొక మాట. తాను కాక ఉన్న భాజకాల లబ్ధం తిరిగి ఆ సంఖ్యే కావాలంటే, 1ని పక్కన పెడితే, అది రెండు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమైనా కావాలి, ఒక ప్రధాన సంఖ్య ఘనమైనా కావాలి. మొదటి రకంలో మొత్తం కూడా సరిపోవాలంటే, ఆ రెండింటిలోనూ ఒక్కొక్కటి తగ్గించి గుణించినప్పుడు 2 రావాలి కాబట్టి, అవి 2, 3 మాత్రమే కాగలవు. రెండవ రకానికి ఆ యోగం అసలే లేదు. అందువల్ల రెండు పరీక్షలకూ నిలిచేది 6 ఒక్కటే, ఈసారి మెప్పు అంకెలమారి గారిదే.

లఘుప్రియ: ఘనమైన 8 భాజకాలు 1, 2, 4, గుణిస్తే 8, కూడితే 7. ఒక్కటి తక్కువైతే ఊన సంఖ్య అంటారు, ఒక్క అక్షరం ఎక్కువైతే నా పద్యం అంటారు.