అమ్మ నిద్రమాత్రలు ఒక్కసారిగా మాన్పించొచ్చా?

గాజువాక అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మకి 68 ఏళ్లు. కోవిడ్ రెండో వేవ్‌లో నాన్నగారు పోయాక నిద్ర పట్టడం లేదంటే, ఫ్యామిలీ డాక్టరు ఆల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములు రాత్రికి ఒకటి రాశారు. రెండు వారాలకని రాసిన చీటీ అది. అమ్మ ఇప్పటికీ వేసుకుంటూనే ఉంది. ఈమధ్య రాత్రికి రెండు వేసుకుంటోంది. చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది, అక్షరాలు కూడా కనపడవు. అయినా సందు చివర మెడికల్ షాపులో అమ్మని చూడగానే స్ట్రిప్ తీసి చేతిలో పెడతారు.

పొద్దున్న లేస్తే తూలుతుంది. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతుంది. పోయిన నెల బాత్‌రూములో పడి మణికట్టు విరిగింది. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి గుండె దడ అంటూ వంటింట్లోకీ వీధి గుమ్మంలోకీ తిరుగుతూనే ఉంటుంది. వీటికి తోడు మోకాళ్ల నొప్పికి ఎముకల డాక్టరు రాసిన ట్రామడాల్ బిళ్ల కూడా ఉంది.

అన్నయ్య పరవాడ ఫార్మా సిటీలో పనిచేస్తాడు. "ఇది మత్తుమందే, ఈ రోజే చెత్తబుట్టలో పడేస్తా" అంటున్నాడు. నాకు భయంగా ఉంది. సంక్రాంతికి తునిలో పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు స్ట్రిప్ ఇంట్లోనే ఉండిపోయింది. రెండో రాత్రికల్లా అమ్మకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. అందరం బీపీ అనుకున్నాం. అక్కడ షాపులో అదే బిళ్ల కొని వేశాక సర్దుకుంది. అప్పుడు అమ్మ "నన్ను తాగుబోతుని చూసినట్టు చూడకండే" అని ఏడ్చింది. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పార్వతీపురం కోడలు:

అన్నయ్య చెప్పిందే కరెక్ట్ అండీ, వెంటనే ఆపేయండి. రాత్రి గోరువెచ్చని పాలలో గసగసాలు నూరి కలిపి ఇవ్వండి. మా అత్తగారికి బాగా పనిచేసింది.

కౌంటర్ వెనక:

అమ్మా, ముందు మీ అన్నయ్యని ఆపండి. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. పైన రాసినావిడ మంచి మనసుతోనే చెప్పారు కానీ, ఈ మందు విషయంలో ఆ సలహా ప్రమాదం.

ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్ అన్నీ బెంజోడయాజెపైన్ల కుటుంబమే. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది, ఈ మందులు దానికి బలం ఇస్తాయి. అందుకే మొదటి రోజుల్లో హాయిగా నిద్ర పడుతుంది. నెలల తరబడి వేస్తే మెదడు దానికి అలవాటుపడి, తన వైపు నుంచి ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఒకటి చాలక రెండు కావడం అందుకే. అప్పుడు మందు ఒక్కసారిగా తీసేస్తే ఎదురు నిలిచేది ఏమీ ఉండదు. వణుకు, చెమట, దడ, లేనివి కనపడటం, ఫిట్స్ దాకా వెళ్తుంది. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. తునిలో మీరు చూసింది బీపీ కాదు, బహుశా దీని మొదటి మెట్టే.

నాలుగు గంటల దడ గురించి కూడా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆల్ప్రజోలం త్వరగా దిగిపోయే మందు. రక్తంలో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు, పెద్దవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. రాత్రి వేసింది మధ్యాహ్నం దాటేసరికి పలచబడి, ఒళ్లు తర్వాతి బిళ్ల కోసం చూస్తూ ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు పాత దిగులు తిరగబెట్టిందనుకుని ఇంకో బిళ్ల ఇస్తారు. కౌంటర్ దగ్గర నేను ఎక్కువగా చూసిన ఉచ్చు ఇదే.

మీ అమ్మగారిని ఎవరూ తాగుబోతుతో పోల్చకండి. డాక్టరు రాసిన మందు రాసినట్టు వేసుకున్నా శరీరం దానికి కట్టుబడిపోతుంది. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్ కలిపి అమ్మేవాళ్లు. 2015లో తనిఖీలు పెరిగి ఆ కల్లు దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం పిచ్చిగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లలో చాలామందికి తాము మింగుతున్నది ఏమిటో కూడా తెలీదు.

నాకు అన్నిటికన్నా భయం వేసింది ఆ ట్రామడాల్. అది ఓపియాయిడ్ రకం, అంటే నల్లమందులా పనిచేసే నొప్పి మందు. రెండూ కలిస్తే మత్తు పెరిగి ఊపిరి మందగించొచ్చు. ఈ జోడీ మీద 2016లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో గడి కట్టి వేసే అతి గట్టి హెచ్చరిక పెట్టించింది. పైగా ట్రామడాల్ ఫిట్స్ వచ్చే వీలునీ పెంచుతుంది. ఎముకల డాక్టరుకి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మీ అంతట మీరు దాన్నీ ఆపకండి. అమ్మగారిని లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే 108కి ఫోన్ చేయండి.

మీ సందు చివర షాపు చేస్తున్నది చట్టవిరుద్ధం. 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. తెలిసినావిడ కదా అని ఇచ్చేయడం సాయం కాదు. నా వృత్తివాళ్లు ఇలా చేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

మాన్పించడం మెల్లగా, సైకియాట్రిస్టు చూస్తుండగా జరగాలి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గిస్తారు. మనిషిని బట్టి లెక్క మారుతుంది. కొందరికి నిదానంగా దిగే మందుకి మార్చి తగ్గిస్తారు. నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి.

పోర్టు ఉద్యోగి కొడుకు:

మా నాన్నది క్లోనాజెపామ్. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి తీసుకెళ్లాను. "నన్ను పిచ్చాసుపత్రికి తీసుకెళ్తావురా" అని ముందు రెండు రోజులు మాట్లాడలేదు. అక్కడ డాక్టరుగారు ఆయన్ని కూర్చోబెట్టి పోర్టులో పని గురించి, షిఫ్టుల గురించి అడిగాక మెత్తబడ్డారు.

తగ్గించేటప్పుడు మొదట్లో తేలిగ్గానే గడిచింది. చివర పావు బిళ్ల దగ్గరే చాలా కష్టపడ్డారు. అప్పుడు డాక్టరు తగ్గించడం కొన్నాళ్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. పగటి నిద్ర మాన్పించారు, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోమన్నారు. సాయంత్రం నేను బీచ్ రోడ్డులో నడిపించేవాణ్ణి. ఇప్పుడు తెల్లవారుజామున లేచి పేపరు కోసం గేటు దగ్గర నిలబడుతున్నారు, తూలడం లేదు.

ఈలోపు మీకు కంగారుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

గాజువాక అమ్మాయి:

మీ అందరికీ చాలా థాంక్స్. పార్వతీపురం వదినా, పాలు ఇస్తాను, కానీ బిళ్ల ఆపను. ఫార్మసిస్టు గారు రాసింది అన్నయ్యకి చదివి వినిపించాను. స్ట్రిప్‌లు తన బీరువాలో పెట్టాడు, రోజూ రాత్రి తనే లెక్కపెట్టి ఇస్తానన్నాడు. ఎముకల డాక్టరుకి అమ్మ ఆల్ప్రజోలం వాడుతున్న సంగతే తెలీదట. రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. సోమవారం చినవాల్తేరు వెళ్తున్నాం. పరగడుపున తీసుకెళ్లాలా? ముందురోజు రాత్రి బిళ్ల వేయొచ్చా?

కౌంటర్ వెనక:

పరగడుపు అక్కర్లేదమ్మా, టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి బిళ్ల మామూలుగా వేయండి. ఆల్ప్రజోలం, ట్రామడాల్, ఇంకేమైనా వాడుతుంటే అవీ, స్ట్రిప్‌లన్నీ ఒక సంచిలో వేసుకోండి. ఆ చిరిగిన చీటీ, మణికట్టు ఎక్స్‌రే కూడా పట్టుకెళ్లండి. తునిలో జరిగింది అమ్మగారి చేతే చెప్పించండి.