రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ మొరాయిస్తోంది: కోర్లు పెంచాలా, సెషన్లు ముగించాలా?

రాత్రిబండి: మా ఆఫీసులో ఒకే విండోస్ సర్వర్ 2019 మీద 30 మందిమి రిమోట్ డెస్క్‌టాప్‌తో పనిచేస్తాం. మధ్యాహ్నం దాటితే ప్రాసెసర్ 100 శాతానికి చేరుతుంది. మౌస్ కదిపితే బాణం తీరిగ్గా బయలుదేరుతుంది. చూస్తే 11 సెషన్లు డిస్కనెక్ట్ అయి ఉన్నవే, అంటే మనిషి వెళ్లిపోయినా తెరిచిన ప్రోగ్రాములు సర్వర్‌లో అలాగే ఉన్నవి. రెండు గంటలు దాటిన అలాంటి సెషన్లను గ్రూప్ పాలసీతో (యూజర్లకు మూకుమ్మడిగా వర్తించే విండోస్ సెట్టింగ్) లాగాఫ్ చేయించాలని, అంటే పూర్తిగా మూయించాలని నా వాదన. మేనేజర్ గారు 8 కోర్లను 16 చేద్దామంటున్నారు. మీరేమంటారు?

జమాఖర్చు: మాది లెక్కల విభాగం. నెలాఖరు రిపోర్టు మూడు గంటలు నడుస్తుంది. దాన్ని మొదలుపెట్టి, డిస్కనెక్ట్ చేసి ఇంటికి వెళతాను. మీ పాలసీ వస్తే తెల్లారేసరికి రిపోర్టూ ఉండదు, సేవ్ చేయని ఫైలూ ఉండదు. డిస్కనెక్ట్ చేసినా పని ఆగదనే కదండీ మమ్మల్ని సర్వర్‌కు అలవాటు చేశారు!

పాతకాపు: రాత్రిబండి గారూ, మీరు సెషన్లు లెక్కపెట్టారు గానీ ప్రాసెసర్‌ను ఏది తింటోందో చెప్పలేదు. ఊరికే పడి ఉన్న సెషన్ మెమరీని పట్టుకుంటుందే తప్ప ప్రాసెసర్ జోలికి పెద్దగా పోదు. టాస్క్ మేనేజర్‌లో యూజర్ల వారీగా చూడండి. ఫైర్‌వాల్ సర్వీసు పైన కనబడితే అది 2016, 2019 సర్వర్ల పాత జబ్బు: లాగిన్ అయినప్పుడల్లా యూజర్ పేరిట ఫైర్‌వాల్ నియమాలు పుడతాయి, లాగాఫ్ అయినా పోవు. అవి కుప్పపడ్డాక స్టార్ట్ మెనూ కూడా తెరుచుకోదు. అప్‌డేట్లు వేసి, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల నిల్వ) ‘డిలీట్ యూజర్ యాప్ కంటైనర్స్ ఆన్ లాగాఫ్’ విలువను 1 చేయాలి, పాత నియమాలను విడిగా తుడవాలి. దానికి 32 కోర్లు పెట్టినా దండగే.

గడపకావలి: రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచారా? సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు (విఫలమైన లాగిన్) వరుసకట్టి ఉంటే ఎవరో పాస్‌వర్డులు ఊహిస్తున్నట్టు. వీపీఎన్ వెనక్కి మార్చండి.

రాత్రిబండి: రెండూ చూశాను, అవి కావు. దొరికింది బ్రౌజర్. డిస్కనెక్ట్ అయిన ఆరు సెషన్లలో ట్యాబులు నడుస్తూనే ఉన్నాయి, ఒకదానిలో వీడియో కూడా. సర్వర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు కనుక ఆ భారమంతా ప్రాసెసర్‌దే. పైగా విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి సెషన్ హోస్ట్ (ఈ సెషన్లను నడిపే సర్వర్) ప్రాసెసర్‌ను సెషన్లకు సమానంగా పంచుతుంది. అంటే మనిషి లేని సెషన్‌కూ నాతో సమానంగా వాటా! లెక్కల విభాగానికి వేరే గ్రూపు పెట్టి పరిమితిని ఆరు గంటలు చేస్తాను. సరేనా?

జమాఖర్చు: పన్నెండు. మార్చి నెలాఖరున అసలు వద్దు.