50 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా మీటింగ్‌లో నా మాట తెగుతోంది, 100కి మారాలా?

మూడో_అంతస్తు:
లాక్‌డౌన్ నుంచి ఇంట్లో ఇద్దరికి ఆఫీసు మీటింగ్‌లు, పాపకు ఆన్‌లైన్ క్లాసు, మూడూ పొద్దున పదింటికే. ఫైబర్ కనెక్షన్, స్పీడ్ టెస్ట్‌లో 46 వస్తోంది. అవతలివాళ్ల మాట నాకు బాగానే వినిపిస్తుంది, నాది మాత్రం వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. రాత్రి తొమ్మిదికైతే అన్నీ నెమ్మదే. ప్లాన్ పెంచితే పోతుందా?

పింగ్_మాస్టర్:
ఆ 46 డౌన్‌లోడ్ అండీ. పక్కనున్న అప్‌లోడ్ అంకె చెప్పండి, మీ జబ్బు అక్కడే ఉన్నట్టుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్, అంటే చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే టైము, ఆపకుండా నడవనిచ్చి, ఇంకో కంప్యూటర్ నుంచి 200 ఎంబీ ఫైలు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. మిల్లీసెకన్లు ఎంత దాకా పోతున్నాయో చూడండి.

మూడో_అంతస్తు:
అప్‌లోడ్ 5. పింగ్ మామూలుగా 9, ఫైలు ఎక్కుతుంటే 380.

పింగ్_మాస్టర్:
అయితే అదే. 720పీ వీడియో కాల్ ఒక్కోటి పైకి ఒకటిన్నర నుంచి రెండు ఎంబీపీఎస్ తీసుకుంటుంది. మూడు కాల్స్‌కే 5 నిండిపోతుంది. దాని మీద ఫోన్ ఫొటోల బ్యాకప్ మొదలైతే ప్యాకెట్లు (డేటా ముక్కలు) బయటికి వెళ్లే దారిలో క్యూ కడతాయి. మాటకి 100 కేబీపీఎస్ చాలు, కానీ అదీ ఆ క్యూలోనే నిలబడాలి. కాల్స్‌లో హెచ్‌డీ తీసేయండి, బ్యాకప్‌లు రాత్రి రెండింటికి పెట్టండి. రూటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూని అదుపులో పెట్టే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌ని 4.5 దగ్గర కట్టేయండి. వేగం కాస్త తగ్గినా క్యూ మీ రూటర్ చేతిలోనే ఉంటుంది, అది మాటని ముందు పంపుతుంది. 100 ప్లాన్ తీసుకునే ముందు అందులో అప్‌లోడ్ ఎంతో అడగండి. అదీ 5 అయితే డబ్బు దండగ.

తీగల_బాబాయి:
రాత్రి నెమ్మది సంగతి వేరు. జీపాన్‌లో, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతిలో, ఆపరేటర్ దగ్గర ఒక పోర్టుకి కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244. దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 64 ఇళ్లూ ఒకేసారి నిండుగా లాగినా ఇంటికి కిందికి 39 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అంతకన్నా బాగా పడిపోతే చాలాసార్లు ఆపరేటర్ బయటి ఇంటర్నెట్‌కి కొన్న లింకే ఇరుకు.

ముందు వైఫైని పక్కన పెట్టి, లాన్ కేబుల్‌తో పొద్దున ఆరుకీ రాత్రి తొమ్మిదికీ కొలవండి. కేబుల్ మీద బాగుండి వైఫైలోనే పడితే అపార్ట్‌మెంట్‌లో పక్కిళ్ల వైఫైల గోల. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, 2.4 తప్పదంటే ఛానెల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది. ఇంట్లో టీవీ కూడా చూసుకోండి. మీ ఫైబర్ మీద 4కే సినిమా 15 ఎంబీపీఎస్ దాకా లాగుతుంది.

ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి కలిసే ఇంట్లో పెట్టె) సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్, అంటే దానికి అందుతున్న వెలుతురు బలం, కూడా చూడండి. మైనస్ 18, 20 డీబీఎం ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికొస్తే లింకు తెగుతూ ఉంటుంది. బీరువా వెనక పసుపు ఫైబర్ తీగ నలిగిందేమో చూడండి. వంపు కాఫీ కప్పు మూతి కన్నా చిన్నదిగా ఉండకూడదు. టేపుతో బిగించకండి, లాగకండి.

అన్నీ బాగుండి, కేబుల్ మీద కూడా రాత్రే పడిపోతుంటే మూడు రోజుల కొలతలు, టైముతో సహా, ఆపరేటర్‌కి పంపండి. "స్లోగా ఉంది" అని ఫోన్ చేస్తే రూటర్ ఆపి వేయమంటారు, అంతే.