జెండా పాట ధర మన మిర్చికి ఎందుకు పడదు?

కూసుమంచి రైతు:
40 క్వింటాళ్ల తేజ రకం మిర్చి ఎండింది. కళ్లం దగ్గరే కొంటామని వచ్చినవాళ్లు ఖమ్మం జెండా పాట కంటే క్వింటాకు 2,500 తక్కువ చెబుతున్నారు. మార్కెట్‌కు తోలితే ఆ ధర వస్తుందా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా? పెట్టుబడికి అడ్తి (కమీషన్ ఏజెంటు) దగ్గర తెచ్చిన అప్పు కూడా ఉంది.

యార్డు లెక్క:
జెండా పాట ఆ రోజు వచ్చిన మేలైన లాటుకు పాడే ధర. మిగతా లాట్లు చాలావరకు దానికి కిందే తెగుతాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మార్కెట్ ధరలు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరల పక్కనే మోడల్ ధర ఉంటుంది. ఎక్కువ సరుకు అమ్ముడయ్యేది ఆ ధరకే. వారం రోజులది రాసుకుని కిరాయి, హమాలీ, కాటా కూలి, కమీషన్ తీసేసి, మిగిలిందాన్ని కళ్లం ధరతో పోల్చండి. కళ్లం దగ్గర తరుగు ఎంత తీస్తారో కూడా అడగండి. 40 కిలోల బస్తాకు కిలో అంటే రెండున్నర శాతం పోయినట్టే.

ధరను ఎక్కువగా కోసేది తేమ. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, వంచితే చిట్లకూడదు. 10, 11 శాతం దగ్గర ఆపండి. అంతకన్నా ఎండితే కాయ పగిలి గింజ రాలుతుంది. బస్తా తొక్కేటప్పుడు నీళ్లు చల్లే అలవాటు దయచేసి మానండి. నడుమ బూజు పట్టి అఫ్లటాక్సిన్ వస్తుంది. యూరప్‌లో మొత్తం అఫ్లటాక్సిన్ హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములే. తాలు కాయ (రంగు పోయి తెల్లబారినది) కళ్లంలోనే ఏరి వేరే బస్తాల్లో వేయండి. ఒక్క బస్తాలో తేడా కనబడితే ఖరీదుదారు లాటు మొత్తానికీ ధర తగ్గిస్తాడు.

మధిర మిర్చి:
అసలు చిక్కు అప్పు. సరుకు ఎక్కడ అమ్మాలో అదే తేల్చేస్తుంది. అదే అడ్తికి వేయాల్సి వచ్చినా అప్పు లెక్క, అమ్మకం లెక్క ఒకే చీటీలో కలవనివ్వకండి. తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) తూకం, ధర, కోతలు విడివిడిగా రాయించుకోండి. అప్పులో జమ చేసుకున్నదానికి వేరే రసీదు అడగండి.

గేటు దగ్గర లాటు నమోదు చేసేటప్పుడు అడ్తి నంబరు కాకుండా మీ ఫోన్ నంబరే ఇవ్వండి. ఈ-నామ్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ వేలంలో) వచ్చిన గరిష్ఠ బిడ్ నచ్చకపోతే రైతు ఒప్పుకోనక్కర్లేదు. అయితే సరుకు దించుకునే చోటు ముందే చూసుకోకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. సెలవుల మర్నాడు యార్డు నిండిపోతుంది, ఆ రోజు తోలకండి.

వడ్డీ చూసుకో:
కోల్డ్ స్టోరేజీ సంగతి అంకెల్లో చూడండి. ధర 14,000 అనుకుందాం. రూపాయిన్నర వడ్డీకి ఆరు నెలలకు 1,260. క్వింటాకు రెండున్నర బస్తాలు, బస్తాకు 200 అద్దె అయితే 500. ఎత్తుడు దించుడుకు 100. ధర 15,860 దాటాకే మీకు రూపాయి మిగులుతుంది. అందుకని అప్పు తీరేంత సరుకు ఇప్పుడే అమ్మేయండి, మంచి రంగున్నదే దాచండి. తాలు దాచొద్దు. దానికి బస్తా అద్దె అంతే, పలికే ధర మాత్రం చాలా తక్కువ. డబ్ల్యూడీఆర్ఏ (గోదాముల నియంత్రణ సంస్థ) నమోదు ఉన్న గోదామైతే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. చేర్చేముందే నమోదు సంగతి కనుక్కోండి.

కూసుమంచి రైతు:
ఊళ్లో పదిమందిమి కలిపి తోలితే?

యార్డు లెక్క:
కిరాయి కచ్చితంగా తగ్గుతుంది. లాట్లు మాత్రం కలపకండి, ఒకరి తేమ అందరి ధరనూ దించుతుంది. బస్తాలకు ఎవరి గుర్తు వారు వేసుకోండి. చట్టం ప్రకారం పదిమంది రైతులతో ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టొచ్చు, కానీ 2020 నాటి కేంద్ర పథకం సాయం రావాలంటే మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులు ఉండాలని పెట్టారు. ఇలాంటివి ఎక్కువగా చేతిలో డబ్బు లేకే ఆగిపోతాయి. కొన్నవాడు వారాల తర్వాత ఇస్తాడు, సభ్యుడికి ఆ రోజే కావాలి. సరుకు ఇచ్చిన రోజు ఎంత, మిగతాది ఎప్పుడు అన్నది మొదటి లారీ కదలకముందే రాసి సంతకాలు తీసుకోండి.