డీఎన్ఏ రిపోర్టు ఇద్దరిదీ ఒకటే, మరి పాలు నాన్నకి పడి నాకెందుకు పడట్లేదు?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, నాకు 34 ఏళ్ళు. పొద్దున్న ఆరున్నరకి గ్లాసుడు గేదె పాలు (250 మి.లీ.) తాగితే ఎనిమిదయ్యేసరికి కడుపు గుడగుడ, గ్యాస్, ఒక్కోసారి విరేచనాలు. పెరుగు, మజ్జిగ ఎంతైనా పర్లేదు, కాఫీలో పడే కాసిని పాలతోనూ ఏం కాదు.

ఆవు పాలకి మారాను, రెండుసార్లు మరిగించి చూశాను (మరిగిస్తే లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, ఎక్కడికీ పోదని తర్వాత తెలిసిందిలెండి), టిఫిన్ తిన్నాక తాగితే కాస్త నయం, అంతే. లాక్టోజ్ లేని పాలు రెండు వారాలు తాగితే ఏ ఇబ్బందీ లేదు.

సరే అని నాకూ నాన్నకీ డీఎన్ఏ టెస్ట్ చేయించాను. పెద్దయ్యాక పాలు అరగడానికి సంబంధించిన ఆర్ఎస్4988235 అనే డీఎన్ఏ స్థానం దగ్గర ఇద్దరికీ జీజీ (అమ్మ వైపు, నాన్న వైపు నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ జీ అక్షరమే). పుస్తకాల్లో సీసీ, టీటీ అని ఉంటే మొదట అయోమయంలో పడ్డాను, తీరా అది డీఎన్ఏ రెండో పోగు వైపు నుంచి చదవడమేనట, జీజీ అన్నా సీసీ అన్నా ఒకటే, అంటే పెద్దయ్యాక లాక్టేజ్ (లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్) తగ్గిపోయే రకం. పెద్దయ్యాక కూడా పాలు అరిగే రకం మన దేశంలో వాయవ్యంలో ఎక్కువ, దక్షిణాదికి వచ్చేకొద్దీ తక్కువ కాబట్టి ఆశ్చర్యమేం లేదు. కానీ నాన్న చిన్నప్పటి నుంచీ మానకుండా రోజూ అర లీటరు తాగుతారు, ఒక్క త్రేనుపు కూడా రాదు! రోజూ తాగితే పెద్దపేగులో బ్యాక్టీరియా అలవాటు పడుతుందని చదివాను. నేను మాత్రం హాస్టల్‌కి వెళ్ళాక పదేళ్ళు పాలు ముట్టలేదు.

మీలో ఇదే జీజీ ఉండి, రోజూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ మళ్ళీ గ్లాసుడు పాలు అలవాటు చేసుకున్నవాళ్ళుంటే, ఎన్ని మి.లీ.తో మొదలుపెట్టి ఎన్ని వారాల్లో పెంచారో చెప్తారా?