లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్: పిచ్ కౌంట్, విశ్రాంతి రోజులు, వయసు కాగితాల గురించి

బంతిబ్యాటు అడిగిన ప్రశ్న

నమస్తే అండి. టెక్సస్‌లో లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడే మా లీగ్ 12 ఏళ్ల ఆల్‌స్టార్స్ (ఏరి కూర్చిన) జట్టుకు మావాడు ఎంపికయ్యాడు. పిచర్ (బంతి విసిరేవాడు), అవసరమైతే క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు). వచ్చే సెప్టెంబరు 5న 13 నిండుతాయి. హైదరాబాద్‌లో పుట్టాడు. వరల్డ్ సిరీస్ జరిగే విలియమ్స్‌పోర్ట్ దాకా వెళ్లే దారిలో పిచ్ కౌంట్ (పిచర్ వేసిన బంతుల సంఖ్య) ఎలా లెక్కపెడతారు? వయసుకు ఏ కాగితాలు కావాలి? క్రికెట్ అలవాటున్న పిల్లాడు ఎక్కడ తడబడతాడు?

స్కోరుబుక్

ముందు వయసు సంగతి. ఆ ఏడాది ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు నిండితే అదే లీగ్ ఏజ్. సెప్టెంబరు 5 కాబట్టి మీవాడు 12 లెక్కలోనే ఉన్నాడు, ఇబ్బంది లేదు.

11-12 ఏళ్లవాళ్లకు రోజుకు గరిష్ఠం 85 పిచ్‌లు, పదేళ్లవాడికి 75. 20 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు. 21-35కి ఒక రోజు, 36-50కి రెండు, 51-65కి మూడు, 66 లేదా అంతకు మించితే నాలుగు. లెక్కించేది గంటలు కాదు, క్యాలెండర్ రోజులు. బుధవారం 60 వేస్తే గురు, శుక్ర, శని ఖాళీ. మళ్లీ ఆదివారమే.

అసలు మెలిక ఇక్కడుంది. 18 దగ్గర ఉన్నప్పుడు కొత్త బ్యాటర్ వచ్చి, అతనికే ఆరు వేయాల్సి వచ్చిందనుకోండి. మొత్తం 24 అయినా, ఆ బ్యాటర్ కాగానే పిచర్‌ను మార్చేస్తే 20 కిందే లెక్క, విశ్రాంతి అక్కర్లేదు. తర్వాతి బ్యాటర్‌కు ఒక్క బంతి వేసినా ఆ వెసులుబాటు పోతుంది. కోచ్‌లు ఎక్కువగా జారేది ఇక్కడే, స్కోరర్ గట్టిగా చెప్పాలి. ఇంకొకటి: ఉద్దేశపూర్వకంగా వాక్ ఇస్తే (బ్యాటర్‌ను ఆడనివ్వకుండా ఊరకే ముందుకు పంపితే) బంతి వేయకపోయినా కౌంట్‌కు నాలుగు కలుస్తాయి.

క్యాచర్ విషయంలో రెండు వైపులా అడ్డం ఉంది. 41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా కూర్చోకూడదు. నాలుగు ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచ్ చేయకూడదు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి అందుకున్నా నాలుగూ ఆడినట్టే.

విలియమ్స్‌పోర్ట్‌లో 2022 నుంచి 20 జట్లు, పది అమెరికావి, పది బయటివి. శనివారం రెండు వైపుల ఫైనల్స్, ఆదివారం టైటిల్ పోరు. శనివారం 20 దాటినవాడు ఆదివారం వేయలేడు. అందుకే మంచి పిచర్‌ను శనివారం వాడాలా, ఆపాలా అన్నదే వారమంతా లెక్క. ఇద్దరు పిచర్లతో అక్కడిదాకా వెళ్లడం అసాధ్యమనే నా అభిప్రాయం. కనీసం ఐదుగురు స్ట్రైక్ (బ్యాటర్ ఆడదగిన చోట పడే బంతి) వేయగలిగినవాళ్లు ఉండాలి.

మూడోబేస్

కాగితాల సంగతి నేను చెబుతాను. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1992లో ఫిలిప్పీన్స్ జాంబోవాంగా జట్టు అర్హత లేని ఆటగాళ్లతో ఆడిందని తేలాక టైటిల్ పోయి కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌కు వెళ్లింది. 2001లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు పిచర్‌కు నిజానికి 14 ఏళ్లని బయటపడ్డాక ఆ జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి.

హైదరాబాద్ బర్త్ సర్టిఫికెట్‌లో రెండు చూడండి. ఒకటి, నమోదు తేదీ. పుట్టిన రోజు నుంచి ఏడాదిలోపు రిజిస్టర్ అయి ఉండాలి. రెండు, పిల్లాడి పేరు. చాలా సర్టిఫికెట్లలో ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది, తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి. అలాగైతే పేరు చేర్పించి కొత్త ప్రతి తెప్పించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, సర్టిఫికెట్‌లో వెనక ఉంటే ముందే చెప్పి పెట్టండి. నమోదు ఆలస్యమై ఉంటే డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ (మీ ప్రాంతపు లీగ్‌లను చూసే లిటిల్ లీగ్ బాధ్యుడు) ద్వారా ప్రత్యామ్నాయ ధ్రువీకరణ అడగాలి. దానికి వారాలు పడుతుంది, జూన్‌లో మొదలుపెడితే ఆలస్యమే.

చిరునామాకు మూడు రుజువులు కావాలి, మూడు వేర్వేరు గ్రూపుల నుంచి ఒక్కోటి. మూడు కరెంటు బిల్లులు తెస్తే ఒకటే లెక్క. తేదీలు నిరుటి ఫిబ్రవరి 1 నుంచి ఈ ఏడాది ఫిబ్రవరి 1 మధ్య ఉండాలి. ఈమధ్యే ఇల్లు మారినవాళ్లకు ఇదే చిక్కు. స్కూల్ ఆధారంగా అర్హత చూపితే స్కూల్ ఫారం చాలు.

బంతిబ్యాటు

చాలా థాంక్సండి. నమోదు తేదీ ఇప్పుడే చూశాను, పుట్టిన పన్నెండో రోజు. ఇక క్రికెట్ అలవాట్ల మాట?

స్కోరుబుక్

మొదటిది, నాన్‌స్ట్రైకర్‌లా ముందే కదలడం. లిటిల్ లీగ్‌లో బంతి బ్యాటర్‌ను చేరేదాకా రన్నర్ బేస్ (పరుగులో ఆగే మజిలీ) వదలకూడదు. వదిలితే ఔట్ ఇవ్వరు గానీ, వెనక్కి పంపుతారు. కష్టపడి సాధించిన బేస్ అలా పోతుంది. రెండోది, గాల్లోకి లేచిన బంతికి పరిగెత్తడం. క్యాచ్ పడితే ముందు బేస్ తాకి, తర్వాతే కదలాలి.

బ్యాటింగ్‌లో దూరమే సమస్య. పిచర్ 46 అడుగుల నుంచి వేస్తాడు. అక్కడ గంటకు 75 మైళ్ల బంతి, పెద్దవాళ్ల 60 అడుగుల 6 అంగుళాల దూరంలో సుమారు 98 మైళ్ల బంతి ఇచ్చినంత సమయమే ఇస్తుంది. చూసి ఆడదామంటే కుదరదు, పిచర్ చెయ్యి కదిలినప్పుడే పాదం కదలాలి. బ్యాట్ మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించి దగ్గరే పడేయడం) కూడా సాధన చేయించండి. 2024 ఫైనల్‌లో ఫ్లోరిడా లేక్ మేరీ జట్టు తైవాన్‌పై 8 ఇన్నింగ్స్‌లో 2-1తో గెలిచింది బంట్ తర్వాత వచ్చిన విసురు పొరపాటుతోనే. బంతి కోసం ఎవరు వస్తారు, మొదటి బేస్ ఎవరు కాస్తారు అన్నది రోజూ పది నిమిషాలైనా చేయించాలి.